కుర్చీ వెనక మనిషి

"ఎన్నాళ్ల నుంచి ఇలా?" అని డాక్టరు అడిగింది చక్రాల కుర్చీలో ఉన్న చెల్లెల్ని కాదు, కుర్చీ వెనక నిలబడ్డ అక్కని.

"ఇలా అంటే?" అంది చెల్లెలు.

డాక్టరు ఆమె వైపు చూడలేదు. "అదేనమ్మా, ఆ కాళ్లు," అన్నాడు అక్కతోనే.

"చిన్నప్పట్నుంచీ," అని చెల్లెలే జవాబు చెప్పింది.

"మరి బాత్రూముకీ వాటికీ ఎవరు తీసుకెళ్తారు?"

"నేనే వెళ్తాను. వంటా నేనే చేస్తాను. డయాలసిస్ రోజున ఆటో మాట్లాడేదీ నేనే."

"నిజమేనా?" అని ఆయన అక్కని అడిగాడు.

చక్రాల కుర్చీ ఎక్కిన మనిషి మాటకి విలువుండదని ఏ కాలేజీలో నేర్పుతారో గానీ, ఈయన మాత్రం ఆ పాఠం బాగా వంటబట్టించుకున్నాడు. బల్ల మీద ఫైలుంది. దాని అట్టయినా తిప్పలేదు. వచ్చినవాళ్లు కూర్చోడానికి వేసిన ఒకే ఒక్క కుర్చీలో ఆయన బ్యాగు దర్జాగా కూర్చుంది. అక్కేమో పిడి పట్టుకుని, ఆయాసం దిగమింగుకుంటూ నిలబడే ఉంది. చెల్లెలికి ఒళ్లు మండిపోయింది. కానీ ఈయన సంతకం పడితే గానీ కిడ్నీ ఆపరేషనుకి తేదీ ఇవ్వరు. తేదీ రాకపోతే వారానికి మూడుసార్లు డయాలసిస్, అదైనా ఎన్నాళ్లు లాక్కొస్తుందో తెలీదు.

"కిడ్నీ ఇచ్చే మనిషి ఉన్నారండీ. పరీక్షలన్నీ అయ్యాయి, సరిపోయింది," అంది చెల్లెలు.

డాక్టరు గొంతు తగ్గించి అక్క వైపు వంగాడు. "చూడమ్మా, మనలో మాట. కాళ్లు పడిపోయిన మనిషి. పెళ్లా, పిల్లలా, ఉద్యోగమా? బంగారంలాంటి కిడ్నీ తెచ్చి ఇలాంటివాళ్లకి పెట్టడం బూడిదలో పోసిన పన్నీరు. ఉన్నన్నాళ్లు డయాలసిస్ చేయించు. ఆ తర్వాత నీకూ చాకిరీ తప్పుతుంది."

"అయ్యో, అది కాదు డాక్టరుగారూ, అసలు..." అని అక్క అందుకుంది.

చెల్లెలు చెయ్యి వెనక్కి చాపి అక్క వేళ్లు గట్టిగా నొక్కింది. "నువ్వుండక్కా. ఆయన్ని చెప్పనీ."

ఇలాంటివాళ్లు నోటికొచ్చింది అనేసి, తర్వాత నేనెప్పుడన్నానని చేతులు దులుపుకుంటారు. ఈసారి మాత్రం ఊరికే వదిలేది లేదనుకుంది. కోపాన్నంతా కడుపులో దాచుకుని, గొంతులో తేనె పూసుకుంది.

"ఇంట్లో పెద్దవాళ్లు మా మాట నమ్మరండీ. మీరన్నదే ఈ ఫైల్లో రాసివ్వండి, రోగి పేరుతో సహా."

ఇంత తేలిగ్గా దారికొచ్చినందుకు ఆయనకి ముచ్చటేసింది. ఫైలు లాక్కుని, అట్ట మీదున్న పేరు చూసి ఎక్కించాడు. 'రోగికి రెండు కాళ్లూ పనిచేయవు. సొంతంగా బతకలేదు. కిడ్నీ మార్పిడి దండగ. ఆపరేషనుకి ఒప్పుకోవడం లేదు.' దండగ అన్న మాట కింద గీత కూడా గీశాడు. సంతకం పెట్టి, తేదీ వేసి, ముద్ర గుద్దాడు.

చెల్లెలు ఒకటికి రెండుసార్లు చదువుకుంది. ముద్ర తడి ఆరేదాకా ఊది, ఫైలు ఒళ్లో పెట్టుకుంది.

"అర్థం చేసుకున్నారు, సంతోషం," అన్నాడు డాక్టరు అక్కతో. "ఇంటికి జాగ్రత్తగా తీసుకెళ్లమ్మా."

"ఇంటికి కాదండీ. ముందు మీ సూపరింటెండెంటు గారి దగ్గరికి, అక్కణ్ణుంచి పేపరువాళ్ల దగ్గరికి," అంది చెల్లెలు.

అప్పుడు చూశాడు ఆయన ఆమె మొహంలోకి. "వెళ్లి ఏం చెప్తావ్? ఉన్నమాటే రాశాను. నడవగలవా నువ్వు?"

"నేను నడవలేను డాక్టరుగారూ, కానీ ఈ ఫైలు మీ ముందు ఇంతసేపు నిలబడే ఉన్న మా అక్కది, నేను ఆమెకి కిడ్నీ ఇవ్వడానికొచ్చాను."