అరవై మీటర్ల అవతల

ఆ ఆదివారం నాగదుర్గాప్రసాద్ చేయాల్సిన పనులు నాలుగు. గాలపు కర్రకున్న పాత రింగులు ఊడదీయాలి. కొత్తవి కొలత ప్రకారం కట్టాలి. ఇంటర్ పిల్లల ఫిజిక్స్ పేపర్లు దిద్దాలి. నాన్న చేత చేప తినిపించాలి.

మొదటి రెండూ అయితే నాలుగోది దానంతటదే అవుతుందని అతని లెక్క. మూడోదాని సంగతి పిల్లలు కూడా అడగడం మానేశారు.

"ఏరా, చేపకి ఉంగరాలు చేయిస్తున్నావా?" అన్నాడు తండ్రి అబ్బులు, అరుగు మీద మంచంలోంచి.

"కాదు నాన్నా. రీలు మీంచి దారం చుట్టలు చుట్టలుగా లేస్తుంది. రీలు పక్కనున్న రింగు ఇరుకైతే అక్కడే రాసుకుని వేగమంతా పోతుంది. అందుకే మొదటిది గాజంత, పోనుపోను చిన్నవి, కొసకి కందిగింజంత. పోయిన వారం దారం మారిస్తేనే పన్నెండు మీటర్లు పెరిగింది."

"చేపలెన్ని పెరిగేయి?"

ప్రసాద్ తల వంచుకుని రింగుకి జిగురు రాశాడు.

అబ్బులు నలభై ఏళ్లు వైనతేయ నది మీద వల విసిరినవాడు. బజార్లో చేప కొనడమంటే ఆయనకు నామోషీ. మూడు నెలల కిందట పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయింది. "ఈ ఇంటి చేత్తో పట్టిందే తింటాను. లేదంటే చారన్నం చాలు" అన్నాడు. చారన్నంతో మనిషి సగమయ్యాడు. ఒంట్లో సత్తువ లేకపోతే ఆ చెయ్యి లేవదని డాక్టరు గట్టిగానే చెప్పాడు.

ఇంటి చెయ్యి అంటే ఇక ప్రసాద్ చెయ్యే. సుద్దముక్క తప్ప మరొకటి పట్టని చెయ్యి. పేటలో మొదటి డిగ్రీ అతనిది. వల విసరబోయి వలతో పాటు నీళ్లలో పడ్డ మొదటి మనిషీ అతనే. అందుకే శాస్త్రాన్ని నమ్ముకుని రీలున్న ఈ గాలపు కర్ర కొన్నాడు.

"ఆ తుంగ దాకా పడితేనే ఉపయోగమండి" అని భార్య సత్యప్రియ మొదటి రోజే ఇంటి దగ్గరి చిన్న పాయకి అవతలి ఒడ్డు చూపించింది. "మావాళ్లు ఎప్పుడూ అక్కడే పట్టేవారు. ఇటుపక్క ఏముంటాయి?"

కొలిస్తే అరవై మీటర్లు. మొదటి ఆదివారం లావు నైలాను కంగూసు దారంతో ముప్పై ఎనిమిది దగ్గర ఆగిపోయాడు. దారం మడతలు పడి ప్రతి రింగుకీ రాసుకుంది. రెండో ఆదివారం సన్నటి అల్లిక దారంతో యాభై. ఆ సాయంత్రం సత్యప్రియ పుట్టింటికి ఫోన్ చేసి, "ఇంకా పది మీటర్లు తక్కువే. వచ్చే వారం రింగులు మారుస్తారంట" అని చెబుతుంటే ప్రసాద్ విన్నాడు. తన ప్రయోగాన్ని అత్తారింట్లో కూడా గమనిస్తున్నారని ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

జిగురు ఆరగానే భార్యాభర్తలిద్దరూ పాయ ఒడ్డుకి వెళ్లారు. మొదటి విసురుకి గాలం అతని వెనకున్న కొబ్బరిమట్టకి తగులుకుంది. రెండోసారి రీలు మీద దారాన్ని ఆపే తీగ ఎత్తడం మరిచిపోయాడు. గాలానికి కట్టిన సీసం గుండు అతని కాళ్ల దగ్గరే పడింది.

"వేళ్లు జాగ్రత్తండి" అంది సత్యప్రియ.

మూడోసారి దారం సర్రుమని రింగుల్లోంచి జారిపోయింది. గుండు గాల్లో వంపు తిరిగి తుంగ అంచున టప్పున పడింది.

"అరవై ఒకటి" అన్నాడు ప్రసాద్, చేప సంగతి మరిచిపోయి.

"తుంగలోనే పడిందండీ" అంది సత్యప్రియ, సంతోషం పట్టలేక కాబోలు, అవతలి ఒడ్డుకి కూడా వినపడేలా.

రెండు నిమిషాలకి తుంగ కదిలింది. దారం కొలిచినట్టు మూడుసార్లు గుంజింది. చుట్టుకుంటూ పోతే బయటపడింది రెండు కిలోల పండుగప్ప. ఒడ్డు దగ్గర తోక కొట్టడం తప్ప పెద్దగా పెనుగులాడలేదు.

"దూరం పెరిగేకొద్దీ చేపకి నీరసం వస్తుంది" అని వివరించాడు.

"ఆయ్, అంతేనండి" అంది ఆమె.

మధ్యాహ్నం సత్యప్రియ పులుసు పెట్టి, ముళ్లు తీసి, మామగారికి మొదటి ముద్ద అందించింది. అబ్బులు నమిలాడు. ఆగాడు. కళ్లు మూసుకుని మళ్లీ నమిలాడు. నలభై ఏళ్లుగా ఏ చేప ఏ నీళ్లదో చెబుతున్న నాలుక అది.

"ఎక్కడిదిరా ఇది?"

"మన పాయదే నాన్నా. నా చేత్తో పట్టాను."

ఆయన కోడలి వైపు చూశాడు. కోడలు గిన్నె వైపు చూసింది.

"ఇంకో ముక్క వెయ్యమ్మా" అన్నాడు అబ్బులు.

మూడు నెలల్లో మొదటిసారి ఆయన కంచం ఖాళీ అయింది. ప్రసాద్ పక్కకి తిరిగి కళ్లజోడు తుడుచుకున్నాడు.

చేతులు కడుక్కుంటుండగా సత్యప్రియ తమ్ముడు అంజిబాబు వచ్చాడు. పక్క ఊళ్లో చేపల చెరువు చూసుకునే మనిషి. వచ్చీ రాగానే రెండు తుమ్ములు తుమ్మాడు.

"జలుబేంటయ్యా?"

"ఏదో చేసిందండి బావగారూ."

"నీ పని అంతా నీళ్లలోనే కదా, జలుబు చేయక ఏం చేస్తుంది? నన్ను చూడు. చేప పట్టడానికి ఒళ్లు తడవక్కర్లేదు. రింగులూ, దారం. అంతే."

"ఆయ్" అన్నాడు అంజిబాబు, అక్క ఇచ్చిన అల్లం టీ అందుకుంటూ.

సోమవారం కాలేజీలో ప్రసాద్ బోర్డు మీద బొమ్మ వేసి మరీ ఈ పాఠం చెప్పాడు. రీలు పక్కన పెద్ద రింగు, సన్న దారం, అరవై ఒక్క మీటర్లు. పిల్లలు రాసుకున్నారు. కావాలంటే మీరూ రాసుకోండి, అందులో తప్పేమీ లేదు.

మూడు ఆదివారాలూ ఆ తుంగలో, పీకల్లోతు నీళ్లలో, బావ గాలానికి తగిలించడానికి చెరువు చేప పట్టుకుని నిలబడ్డ అంజిబాబుని మాత్రం గుర్తుంచుకోండి.