పదివేలవ ఇల్లు

"నవ్వండి పిన్నమ్మా, ఫోటో!" ఇరాక్‌లోని నాసిరియాలో ఇరవై ఇళ్లతో మొదలైన ఇంటర్నెట్ కంపెనీకి ఇది పదివేలవ ఇల్లు. నెట్ బిగించడానికి వచ్చిన కంపెనీ మనిషి హాతిమ్ మిఠాయి పెట్టె అందించాడు.

సర్మద్ తల్లి, అందరూ ఉమ్ సర్మద్ అని పిలిచే ఆమె, దాన్ని పక్కన పెట్టేసింది. "కొత్త వైఫై డబ్బాకి పాత పేరూ, పాత పాస్‌వర్డే ఉంచు బాబూ."

"అది వీధంతటికీ తెలుసు. మీ నెట్‌ని పప్పుబెల్లాల్లా పంచుకుంటారు!"

"పంచుకోనీ. మా సర్మద్ ఫోన్ తాళం తీయడం నాకు రాదు. అందులో కొత్త పాస్‌వర్డ్ ఎలా కొట్టను?"

"సర్మద్‌నే కొట్టమనండి."

ఆమె బీరువాలోంచి అద్దం పగిలిన ఫోన్ తీసింది. "నిరసన ఊరేగింపు మీద కాల్పులయ్యాక దీన్నొక్కదాన్నే తెచ్చిచ్చారు. నా ఫోన్‌లోంచి వాడికి రోజూ రాస్తాను. నెట్ ఉంటేనే అందుతుంది."

హాతిమ్ పాతవే పెట్టాడు. పగిలిన ఫోన్ మోగింది. ఆమె పొద్దున రాసింది ఇప్పుడొచ్చి తెర మీద మెరిసింది: "చేపలు చల్లారిపోతున్నాయి, రా కన్నా."

"అందింది," అందామె.