రెండో తరగతి దొంగలు

కేకు తిన్నది తానేనని ఒప్పుకునేదాకా రూడీకి ఆదివారం పూజలో పిల్లలకిచ్చే మొదటి సత్ప్రసాదం ఇచ్చేది లేదని సిస్టర్ మెథోడియా తేల్చి చెప్పేసింది.

అది బిషప్ గారి కోసం ఆమె చేసిన కేకు. గురువారం మధ్యాహ్నం బడి వంటింటి కిటికీలో చల్లారబెట్టి క్లాసుకు వెళ్ళింది. తిరిగొచ్చేసరికి పళ్ళెమే మిగిలింది.

ఆ వేళకి వంటింటి బయట ఉన్నది రూడీ ఒక్కడే. అల్లరి చేశాడని సిస్టరే వాణ్ణి అక్కడ నిలబెట్టింది.

"ఎవరైనా రావడం చూళ్ళేదట్రా?"

"గోడకేసి చూడమన్నారు సిస్టర్. గోడే చూశాను."

పిట్స్‌బర్గ్ దిగువన ఆ ఉక్కుమిల్లు పేటలో కబురు దాగదు. సాయంత్రానికల్లా రూడీ నాయనమ్మ తలగుడ్డ బిగించుకుని బడికొచ్చింది.

"వాడు దొంగ వెధవే. కాదన్నానా? కానీ అంత కేకు ఒక్కడే ఎట్లా తింటాడమ్మా? వాడి పొట్ట చూడు, పిచ్చుక పొట్ట! ఆదివారానికని కిటికీ తెర చించి తెల్లకోటు కుట్టాను. ఇప్పుడు కిటికీకి తెరా లేదు, వీడికి సత్ప్రసాదమూ లేదు."

సిస్టర్ కరగలేదు. ఆ బడిలో ఆమె మాటే శాసనం. ఆ పేట గుడికి కొత్తగా వచ్చిన ఫాదర్ హుడక్ కూడా ఆమె ఎదుట బడిపిల్లాడే.

"శనివారం పిల్లలు మొదటిసారి నా దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం ఉంది కదా," అన్నాడాయన నెమ్మదిగా. "అందాకా ఆగుదాం సిస్టర్."

"మీది మెత్తని మనసు ఫాదర్. పాపం, మీరు గురువారం రాత్రి అన్నం కూడా ముట్టలేదు. నా కేకు పోయిందని బాధపడింది మీరొక్కరే."

శనివారం రెండో తరగతి మొత్తం గుళ్ళో బారు తీరింది. ఫాదర్ పాపసంకీర్తనపు గదిలో కూర్చున్నాడు. మొదట డోలోరెస్ మోకరించింది.

"ఫాదర్, బిషప్ గారి కేకు నేనే తిన్నా."

ఫాదర్ ఉలిక్కిపడ్డాడు. "నువ్వా?"

"అవును. చాక్లెట్ కేకు."

రెండోవాడూ తానే తిన్నానన్నాడు. వాడికది స్ట్రాబెర్రీ కేకు. మూడో పిల్ల తాను తినగా మిగిలింది కుక్కకి పెట్టిందట. ఆ తర్వాతివాడు, "అది ఎంతుండేదో చెప్పండి ఫాదర్, అంతా తిన్నా," అన్నాడు.

ఫాదర్‌కి చెమటలు పట్టాయి. "అందరూ ఇదే చెబుతున్నారేమిట్రా?"

"మాకు వేరే పాపాల్లేవు ఫాదర్. వట్టి చేతుల్తో వస్తే సిస్టర్ తిడుతుంది. కేకైతే ఊరందరికీ తెలిసిన పాపం."

ఆయన ఎవరికీ పెద్ద ప్రాయశ్చిత్తం వెయ్యలేకపోయాడు. తలా ఒక మంగళవార్త జపం చెప్పమన్నాడు. డోలోరెస్‌కి అది అవమానంగా తోచింది. మళ్ళీ బారులో దూరి వచ్చింది.

"అంత కేకుకి ఒక్కటేనా ఫాదర్? చూయింగ్‌గమ్ కొట్టేసినందుకే మా అక్కకి పది పడ్డాయి!"

చివర రూడీ వచ్చాడు.

"పక్కింటి బంగాళదుంపలు తవ్వింది నేనే. నాయనమ్మ చెప్పులో కప్పని పెట్టింది నేనే. కేకు మాత్రం నేను కాదు ఫాదర్." మధ్యనున్న జాలీకి ముక్కు ఆనించాడు. "నేనే అని అబద్ధం చెబితే రేపు సత్ప్రసాదం ఇస్తారట. చెప్పమంటారా?"

ఫాదర్ నుదుటి చెమట తుడుచుకున్నాడు.

"వద్దు నాయనా," అన్నాడు.

ఆయన బయటికొచ్చేసరికి సిస్టర్ తలుపు దగ్గరే కాచుకుని ఉంది. వెనక బెంచీ మీద నాయనమ్మ తెల్లకోటు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఒప్పుకున్నాడా?"

"లోపల విన్నది బయట చెప్పకూడదు సిస్టర్."

"చెప్పొద్దు. తల ఊపండి చాలు."

ఫాదర్ తల ఊపలేదు. కోటు వంక చూశాడు. "కేకు రూడీ తినలేదు."

"అదిగో, చెప్పేశారుగా! పాపసంకీర్తనం బయటపెట్టడం ఎంత పాపం ఫాదర్!"

"ఇది లోపల విన్నది కాదు."

"మరి ఎట్లా తెలుసు మీకు?"

ఫాదర్ హుడక్ మెడపట్టీ వదులు చేసుకుని, నేల చూపులు చూస్తూ అన్నాడు:

"మీరు దాంట్లో పంచదార వెయ్యడం మర్చిపోయారు సిస్టర్."