అమ్మ చేతి మాట

రంపం మనిషి పదింటికి వస్తానన్నాడు. తొమ్మిదీ ముప్పావు అయింది.

"ఒక్క నెల ఆగుదామండీ," అంది కోడలు. బేకరీలో తెల్లవారుజాము డ్యూటీ చేసి అప్పుడే వచ్చింది, చేతులకింకా పిండి వదల్లేదు. "కాయలు పచ్చిగానే ఉన్నాయిగా. ఈసారన్నా బాగా పండుతాయేమో."

"మూడేళ్ళుగా ఇదే పాట."

ఆమె భర్త గడియారాలు బాగుచేస్తాడు. ఒకసారి టైం పెట్టాడంటే ఇక ముల్లు వెనక్కి తిప్పే రకం కాదు.

పెరట్లో బేరిచెట్టు కాయల బరువుకి వంగిపోయి ఉంది. అది అతని తల్లి చెట్టు. పెళ్ళైన కొత్తలో ఆమే నాటింది. ఏటా ఆమె పళ్ళెంలో పెట్టి ఇచ్చే బేరిపళ్ళు పసుపురంగు తిరిగి, వెన్నలా ఉండేవి. చెట్టు దగ్గరికి మాత్రం పురుగును కూడా రానిచ్చేది కాదు. "మీ చేతులు పడితే కొమ్మలు మిగలవు," అనేది. అందరూ పనులకి పోయాక ఒక్కతే ఏదో చేసుకునేది. మెట్ల కింది కొట్టుగది తాళం కూడా ఆమె దగ్గరే. ఆ మహారాణి రాజ్యంలో మిగతావాళ్ళ పని తినడమే.

మూడేళ్ళ కిందట పక్షవాతం వచ్చింది. మాట పోయింది, కుడివైపు పడిపోయింది. పలకా బలపం ఇస్తే పిచ్చిగీతలు తప్ప రాలేదు. తల ఊపుతుంది కానీ, అవునన్నా అడ్డంగానే, కాదన్నా అడ్డంగానే. "తలను నమ్మకండి, చేతిని చూడండి," అన్నాడు డాక్టరు.

పళ్ళు కూడా ఆ ఏడాది నుంచే చెడ్డాయి. చెట్టు మీద బంగారంలా పండేదాకా ఓపికపట్టి కోస్తే, లోపల గింజల చుట్టూ కుళ్ళు. "పైన పటారం, లోన లొటారం," అంటూ బుట్టలకి బుట్టలు పారబోశాడు కొడుకు. మరుసటి ఏడు ఇంకో వారం ఎక్కువ ఆగి చూశారు. మరీ అన్యాయం. రాలినవాటికి కందిరీగలు మూగడం మొదలైంది. పోయినేడు ఒకటి వరండాలో కూర్చున్న తల్లిని కంటి కింద కుట్టింది. లేచి పారిపోలేని మనిషి. ముఖం గుమ్మడికాయలా వాచిపోయి రెండు రోజులు ఆసుపత్రిలో ఉంది.

అయినా అతను చెట్టు జోలికి పోయేవాడు కాదు. కొట్టెయ్యమని చెప్పింది తల్లే.

ఏటా సరిగ్గా ఈ రోజుల్లోనే ఆమె చేయి మొదలుపెడుతుంది. చెట్టుకేసి చూస్తుంది. అరచెయ్యి పైకెత్తి, మెల్లగా పక్కకి ఒరిగిస్తుంది. తర్వాత వేలితో కొట్టుగది చూపిస్తుంది. మొదటి ఏడు దాహమనుకుని గ్లాసు అందిస్తే విసిరికొట్టింది. తర్వాత రెండేళ్ళూ పక్క మీద ఒత్తిగిలించమంటోందనుకున్నారు. ఈ ఏడు కొడుక్కి తట్టింది.

"నిలబడ్డదాన్ని పక్కకి పడగొట్టమంటోంది. కట్టెలు కొట్టుగదిలో వెయ్యమంటోంది. అందులో పాతగడ్డి తప్ప ఏముంది, చోటు బోలెడు. పాపం, ఇంతకన్నా ఎలా చెప్తుంది?"

"తను నాటిన చెట్టుని తనే కొట్టెయ్యమంటుందా అండీ?"

"కందిరీగ కుట్టింది నిన్ను కాదు."

గేటు చప్పుడైంది.

రంపం మనిషి చెట్టు చుట్టూ ఒకసారి తిరిగాడు. "కాపు మీదుంది కదయ్యా. కాయలు దింపుకోరా?"

"పచ్చికాయలు. ఏం చేసుకుంటాం? కానియ్యి."

మోటారు రంపం మోత అందుకుంది. వరండాలో తల్లి కళ్ళు పెద్దవయ్యాయి. చేయి లేచింది. పైకి, పక్కకి. పైకి, పక్కకి. కొట్టుగది వైపు. మళ్ళీ పైకి. కుర్చీ మీద దబదబా బాదింది. గొంతులోంచి మాట కాని మాట ఏదో వచ్చింది.

"అయిపోతోందమ్మా, కంగారు పడకు!" పెరట్లోంచి అరిచాడు కొడుకు.

కోడలు పరుగున వచ్చి ఆమె ముందు కూలబడింది. "అత్తయ్యా, వద్దంటున్నారా?" తల అడ్డంగా ఊగింది. "కొట్టెయ్యమంటున్నారా?" అప్పుడూ అడ్డంగానే ఊగింది. పోనీ చేతిని చూద్దామంటే, చేయి మళ్ళీ పైకి లేచి పక్కకి ఒరుగుతోంది. "ఏవండీ, ఆపండి! ఒక్క నిమిషం ఆపించండి!" అని కేక పెట్టింది. ఆ మోతలో ఆమె కేక ఆమెకే వినబడలేదు.

నేల అదిరింది. కాయలు నాలుగు దొర్లుకుంటూ మెట్ల దాకా వచ్చాయి.

రంపం ఆగింది. కొడుకు చెమట తుడుచుకుంటూ, కాయలున్న కొమ్మ ఒకటి పట్టుకుని వరండా ఎక్కాడు. బడిలో మార్కులొచ్చిన పిల్లాడిలా వెలిగిపోతోంది ముఖం.

"ఇన్నాళ్ళకి నీ మాట అర్థమైందమ్మా. నువ్వు చెప్పినట్టే చేయించాను, చూడు."

కొమ్మ ఆమె ముందు పట్టుకున్నాడు. ఆమె దాని వంక చాలాసేపు చూసింది. కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నా తుడుచుకోలేదు.

ఆ ఎడమ చేయి మెల్లగా లేచి, కొమ్మకి వేలాడుతున్న ఒక పచ్చికాయను అరచేతిలో పైకెత్తి పక్కకి ఒరిగిస్తే, లాగకుండానే అది తొడిమతో సహా ఊడి చేతిలో పడింది. దాన్ని కొడుకు చేతిలో పెట్టి, మాగబెట్టమని, గడ్డి పరిచి ఉన్న కొట్టుగది వైపు వేలు చూపించింది.