అలసట కడియం

నగరంలో ప్రతి గృహిణి చేతికీ అలసటను కొలిచే కడియం ఉంది. అలసట హద్దు దాటితే మునిసిపాలిటీ ఒక సహాయకురాలిని పంపుతుంది. మంచాన పడిన అత్తగారిని నాలుగేళ్లుగా ఒంటరిగా ఎత్తి కడుగుతున్న పుష్పలీలకు మాత్రం ఎవరినీ పంపలేదు. ఆమె వార్డు కేంద్రానికి వెళ్ళి అడిగింది.

“రోజుకి పదహారు గంటలు విశ్రాంతి అని చూపిస్తోందమ్మా. వార్డు మొత్తానికి మీరే సుఖపడుతున్నారు,” అంది ఉద్యోగిని.

“నీళ్ళ పనికి ముందు తీసి గూట్లో పెడతానండీ. గవర్నమెంటు వస్తువు కదా, పాడైపోతుందని.”

“తీసేస్తే పడుకున్నట్టే లెక్క. ఇకనుంచి ఏడాదిపాటు తియ్యకండి, అప్పుడు చూద్దాం. నా చేతుల్లో ఏం లేదు.”

ఇంటికి వచ్చేసరికి అత్తగారు పక్క తడిపేసుకుని ఉన్నారు. పుష్పలీల కడియంతోనే ఆమె నడుము కింద చేతులు వేసింది.

“గీసుకుంటోందే అమ్మాయ్, మండుతోంది,” అని అత్తగారు ఏడ్చారు.

పుష్పలీల కడియం తీసి పక్కన పెట్టి, ఆమెను ఎత్తింది.