తొట్టి మారిన చేపలు

"వదినా, అది కడగకు!"

లక్ష్మణ్ అరుపుకు పుష్పమ్మ చేయి నల్లా కిందనే ఆగిపోయింది. ఆమె చేతిలో చేపల తొట్టి ఫిల్టరులోని స్పంజి ఉంది. అప్పటికే ఒకసారి పిండేసింది. నల్లటి నీళ్ళు మోరీలోకి పారుతున్నాయి. వదిన ముందు లక్ష్మణ్ ఇంతవరకు గొంతు పెంచి ఎరుగడు.

"ఏందయ్యా, గుండె జారెటట్టు ఒర్రితివి? ఇల్లంత కడుక్కున్నం. తెల్లారితే పది మంది వస్తరు. గీ మురికిదాన్ని నట్టింట్ల పెడితే ఏమనుకుంటరు?"

"అనుకుంటే అనుకోనీ. ఆ మురికే వాటి పానం వదినా. సుమన చెప్తుండె. తొట్టి మారినా, నీళ్ళు మారినా, పాత ఫిల్టరు ఎంబడి ఉంటే బతుకుతయంట. కడిగితే ఆగమే."

స్పంజి అందుకుని, ఇంటి నుంచి బకెట్టులో తెచ్చిన పాత నీళ్ళలో ముంచాడు. చనిపోయిన భార్య పేరు నోటికి రాగానే మాట తగ్గింది.

ఆత్మకూరు నుంచి కొత్తకోట దాకా ఆటోలో వచ్చారు తండ్రీ బిడ్డలు. ఆయన కాళ్ళ మధ్య బకెట్టు. తొమ్మిదేండ్ల నందిని ఒళ్ళో ప్లాస్టిక్ కవరు, అందులో రెండు ఎర్ర చేపలు. దారిలో గుంత వచ్చినప్పుడల్లా పిల్ల కవరును రెండు చేతులతో పైకెత్తింది. వాళ్ళమ్మ తెచ్చిన చేపల్లో మిగిలినవి అవి రెండే.

కొత్త తొట్టిని లక్ష్మణ్ అన్న హన్మంతు కొన్నాడు. పాతదానికి రెండింతలుంది. నల్లా నీళ్ళలో క్లోరిన్ మందు వాసన పోవాలని తమ్ముడు ఫోనులో చెబితే, నిన్ననే నింపి పెట్టాడు. లక్ష్మణ్ ఆ నీళ్ళ మీద కవరును అట్లనే తేలేసి పక్కన కూర్చున్నాడు.

"ఇడిసెయ్ రాదురా, ఇంకెంతసేపు?" అన్నాడు హన్మంతు.

"ఆగన్నా. ఒక్కసారే ఇడిస్తే తట్టుకోవు. ముందుగాల కవర్ల ఉండే ఈ నీళ్ళ సల్లదనం తెలుసుకోవాలె. తర్వాత జరన్ని నీళ్ళు కలపాలె. అప్పుడు వాటంతట అవే బయటికి రావాలె."

"ఇన్నవానే? మీ అమ్మగారింట్ల నాకు గింత మర్యాద జరగలే," అన్నాడు హన్మంతు పెండ్లాంతో.

"నువ్వేమన్న కవర్ల వస్తివా?"

నందిని పెదవి కొంచెం కదిలింది. అంతే.

లక్ష్మణ్ గ్లాసుతో కొత్త నీళ్ళు కవరులో పోస్తూ చెప్పుకుంటూ పోయాడు. ఎప్పుడూ అన్ని మాటలు మాట్లాడే మనిషి కాదు.

"రెండు మూడు దినాలు తినకపోవచ్చు. మూలకు నక్కి కూసుంటయి. పరేషాన్ కాకున్రి. మురిపెంగ ఎక్కువ మేత ఎయ్యకున్రి. పలకరిస్తున్నమని అద్దం మీద కొట్టకున్రి. జర ఇడిసిపెట్టున్రి, వాటి మానాన వాటిని."

"మరి ఎన్నటికి అలవాటైతయి?" అడిగింది పుష్పమ్మ. గొంతులో ఇందాకటి కోపం లేదు.

"తెల్వదు వదినా. నాకు లారీ నడుపుడు తప్ప ఏం తెలుసు? నెలల సగం బెంగుళూరు తొవ్వలనే ఉంట. పక్కింటోళ్ళు మంచోళ్ళే, చూస్తరు. గానీ యాళ్ళకు ఇంత తిండి ఏసుడొక్కటే సాకుడు కాదు గదా."

పుష్పమ్మ పిల్ల దిక్కు చూసింది.

ఫిల్టరు బిగించి స్విచ్చి వేశాడు. బుడగలు లేచాయి. కవరు మూతి వంచితే ఒక చేప బయటికి వచ్చి అద్దం పొడుగునా ఈదింది. రెండోది వచ్చీ రాగానే అడుక్కు జారి, పక్కకు ఒరిగి పడుకుంది.

"నాయినా, గది సస్తదా?"

లక్ష్మణ్ అద్దం దగ్గరికి వంగాడు.

"పెద్దమ్మ స్పంజి పిండిందనేనా?"

పుష్పమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"గట్లనొద్దు బిడ్డా. పెద్దమ్మకు తెల్వదు. మంచిగుండాలనే చేసింది," అన్నాడు లక్ష్మణ్. ఆయన కళ్ళు మాత్రం చేప మీది నుంచి కదలలేదు.

నలుగురూ అట్లనే నిలబడ్డారు. "కురుమూర్తి సామీ, నా చేతుల మీద కానియ్యకు," అని పుష్పమ్మ లోలోపల అనుకున్నది పైకే వినబడింది. చేప మొప్పలు ఆడాయి, ఆగాయి, మళ్ళీ ఆడాయి. ఎంతసేపటికో తోక ఒకసారి కొట్టింది. మెల్లగా నిలువయింది. తడుముకున్నట్టు పోయి పోయి, పాత ఫిల్టరు నీళ్ళు పడే చోట నిలబడింది. మొదటి చేప కూడా దాని పక్కకే చేరింది.

పుష్పమ్మ ఊపిరి వదిలి పిల్ల భుజం మీద చేయి వేసింది. నందిని ఆ చేతిని దులిపెయ్యలేదు. లక్ష్మణ్ అది చూశాడు. చూసి, తల తిప్పుకున్నాడు.

"నేను పోయి, రేపు పూజకు రమ్మని అయ్యగారికి యాది చేసొస్త," అని హన్మంతు చెప్పులేసుకున్నాడు. పుష్పమ్మ పొయ్యి దగ్గరికి పోయింది. తొట్టి ముందు తండ్రీ బిడ్డలే మిగిలారు.

"నాయినా," పిలిచింది నందిని.

లక్ష్మణ్ నీళ్ళలోకే చూస్తున్నాడు.

"నాయినా!"

వినబడింది. అయినా పలకలేదు.

"ఓ నాయినా! చెవుడా నీకు?"

"ఏంది బిడ్డా?" అన్నాడప్పుడు.

"ఇగ బతుకుతయి గదా?"

"బతుకుతయి."

రేపు దత్తత అయినంక ఆయన ఆ పిల్లకు చిన్నాయన.