ఒక రీడ్, ఒక రైట్

ఎవరూ లేని చోట దీపం పెట్టి వస్తే దేవుడు చూస్తాడా? మొండయ్యకు ఈ అనుమానం ఏళ్లుగా ఉంది. ఆ రోజు కూడా మార్కండేయుని పటం ముందు వత్తి వెలిగిస్తూ అదే అన్నాడు.

"చూడడనుకుంటే పెట్టకు. నూనెన్న మిగులుతది," అంది గంగవ్వ రొట్టె కాలుస్తూ.

మొండయ్య దండం పెట్టుకొని, మూతికి రుమాలు కట్టుకొని, తాళాల గుత్తి అందుకున్నాడు. లాక్‌డౌన్‌తో, వాళ్లు బతుకుదెరువుకు వచ్చిన ఉధ్నాలో మగ్గాలన్నీ ఆగిపోయాయి. తోటివాళ్లు చాలామంది ఊళ్లకు వెళ్లిపోయారు. కార్ఖానా వెనకే ఇల్లు కాబట్టి సేఠ్ తాళాలు మొండయ్యకు అప్పగించాడు. 'కావాలంటే ఒక్క మగ్గం తిప్పుకో, అంతకు మించితే కరెంటు బిల్లు నేను కట్టలేను' అని కూడా చెప్పాడు.

"ఎండల పడి రోజూ ఏం పని ఆడ?"

"మగ్గం జర తిప్పి వస్త. ఊకె ఉంచితే తుప్పు పడతది."

"ఇనుము మీద ఉన్న ప్రేమ ఇంట్ల మనుషుల మీద లేదు."

కూతురు నీరజ ల్యాప్‌టాప్ ముందు నవ్వుకుంది. ఆమె కంపెనీ ఆ మగ్గాలకు మీటర్లు బిగించింది. ఏ మగ్గం ఎంత నేసిందో మీటర్లు ఎక్కడో దూరాన ఉన్న కంప్యూటర్ల స్టోర్‌లో రాసిపెడతాయి. ఆ లెక్కలు చదివి చదివి, దారం ఎప్పుడు తెగబోతుందో యంత్రం తనంతట తాను నేర్చుకుంటుంది. కార్మికులు కూడా ఫోన్‌లో ఏ మగ్గం లెక్కయినా చూసుకోవచ్చు. సెకనుకు ఎన్నిసార్లు రాయనివ్వాలి, ఎన్నిసార్లు చదవనివ్వాలి అన్నది నీరజ అమర్చాలి. ఎంత ఎక్కువ పెడితే అంత కిరాయి.

ఫోన్‌లో ఆమె మేనేజర్ అంబదాస్ గొంతు గట్టిగా వినిపిస్తోంది. "మగ్గాలే నడుస్తలేవు. రీడ్ రెండు వందలు ఎందుకమ్మా?"

"తగ్గిస్త సార్."

"రీడ్ తగ్గిస్తే బట్ట పల్చనైతది," అన్నాడు మొండయ్య, గడప దగ్గర చెప్పులు తొడుక్కుంటూ.

"అయ్యో బాపూ! పోగులు దూర్చే రీడ్ కాదు. చదివే రీడ్."

"గట్లనా. అయితే నీ ఇష్టం," అని వెళ్లిపోయాడు.

"తగ్గించుడు కాదు, స్టోరే మూసెయ్. సాయంత్రం లోపల కావాలె," అని అంబదాస్ ఫోన్ పెట్టేశాడు.

మూసేముందు నీరజ ఒకసారి లెక్కలు చూసింది. అన్ని మగ్గాలూ సున్నా. పద్నాలుగో నంబరు మాత్రం రోజూ మధ్యాహ్నం కాసేపు రాస్తోంది. రాసిన వెంటనే ఎవరో దాన్ని చదువుతున్నారు. రాసేది ఎవరో ఆమెకు తెలుసు. చదివేది ఎవరు? ఫోన్ ఎవరిదో వెతికి చూసి ఉలిక్కిపడింది.

"అమ్మా, ఊరి నుంచి రాజనర్సు కాక బాపు మగ్గాన్ని రోజూ చూస్తుండు!"

గంగవ్వ అట్లకాడ కింద పెట్టింది. "ఆయననా? మీ బాపుకు కామెర్లైనప్పుడు తన మగ్గంతోటి ఈయనది కూడ నడిపిండు. సేఠ్ వేరేటోళ్లకు ఇయ్యకుండ కాపాడిండు. అది మంచిగనే చేసిండు. తర్వాత నీ అక్క పెండ్లిల నలుగురి ముంగట, 'నేను లేకపోతే నీకు మగ్గమేడిది' అన్నడు. గా దినం నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఇప్పుడు మీ బాపుది నడుస్తుందా ఆగిందా అని కాపలా కాస్తుండేమో!"

నీరజ కాసేపు ఆలోచించి అంబదాస్‌కు ఫోన్ చేసింది.

"మూసెయ్యద్దు సార్. వాడేటోళ్లు ఉన్నరు."

"ఎంతమంది?"

"రాసేటాయన ఒకరు, చదివేటాయన ఒకరు."

అంబదాస్ పకపకా నవ్వాడు. "ఇద్దరి కోసం స్టోరా! ఫోన్ చేసుకొని మాట్లాడుకోమను."

"అదొక్కటే కుదరదు సార్."

ఆమె గొంతులో ఏం వినిపించిందో, ఆయన నవ్వు ఆపాడు. "సరే, అన్నిటికంటే తక్కువ పెట్టు. నేను చెప్పుకుంట."

అన్నిటికంటే తక్కువంటే ఒకటి. చదవడానికి ఒకటి, రాయడానికి ఒకటి. ఆ ఇద్దరికీ అది చాలు.

మొండయ్య చేతుల నిండా గ్రీజుతో తిరిగి వచ్చాడు. నీరజ నీళ్లు పోస్తూ సంగతంతా చెప్పింది.

"నువ్వు పద్నాలుగో నంబరు తిప్పంగనే మీటరు రాస్తది బాపూ. రాజనర్సు కాక చూస్తడు. రోజూ."

మొండయ్య చేతులు రుద్దుకోవడం ఆపాడు. "వానికి కనబడుతుందా?"

"ఊళ్లె కూసున్నా కనబడతది."

"ఏమన్న అన్నడా?"

"అనడానికి అండ్ల జాగ లేదు. చూసుడే."

మొండయ్య పటం ముందు ఇంకా వెలుగుతున్న దీపం వైపు తిరిగాడు. తడి చేతులు తుడుచుకొని వత్తి ఎగదోశాడు.

"బాకీ తీరింది బిడ్డా," అన్నాడు.

"ఏం బాకీ?" అంది గంగవ్వ. "నీ మగ్గం మీద ఆయన కండ్లెందుకట, ముందు అది చెప్పు."

మొండయ్య నవ్వాడు.

"పద్నాలుగోది వాని మగ్గమే."